విటమిన్ డి, చేప నూనె, క్యాన్సర్: ఆ మెసేజ్ ఇక పంపకండి

తెలిసినవాళ్లందరూ ఒకే మెసేజ్ పదేపదే పంపుతున్నారు. అందులో ఉన్నది ఇది: క్యాన్సర్ ముదిరేది విటమిన్ డి లోపం వల్లే, రోజూ 60,000 యూనిట్లు వేసుకుని, చేప నూనె క్యాప్సూల్స్ మింగి, కొవ్వు పూర్తిగా మానేస్తే కణితి మాడి చస్తుంది, కీమో అక్కర్లేదు, డాక్టర్లు ఇది దాస్తున్నారు.

"క్యాన్సర్ రోగుల్లో డి తక్కువగా ఉంటుంది." చాలామందిలో నిజమే. తిండి సహించక, ఎండ మొహం చూడకుండా మంచాన ఉన్న మనిషికి డి తగ్గడంలో వింతేముంది? ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చడానికే అమెరికాలో వైటల్ ట్రయల్ చేశారు. 25,871 మందిలో సగం మందికి రోజూ 2,000 యూనిట్ల డి, మిగతా సగానికి మందు లేని మాత్ర ఇచ్చి ఐదేళ్లకు పైగా చూశారు. 2018లో ఫలితం వచ్చింది: క్యాన్సర్ రావడం తగ్గలేదు. అదే ట్రయల్‌లో చేప నూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వును కూడా పరీక్షించారు. దానితోనూ తగ్గలేదు.

ఇక రోజూ 60,000 యూనిట్ల మాట. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పెద్దవాళ్లు సొంతంగా వేసుకోవడానికి రోజుకు 4,000 యూనిట్లు పైహద్దు. దానికి పదిహేను రెట్లు వేసుకోమని ఎవరో ఊరూ పేరూ లేనివాళ్లు రాస్తే, దాన్ని జబ్బు మనిషికి పంపుతారా? డి మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. తీరని దాహం, వాంతులు, మలబద్ధకం, మతి తప్పినట్టు మాట్లాడటం, చివరికి కిడ్నీలు దెబ్బతినడం. ఎముకలకు పాకిన క్యాన్సర్‌లో, ఎముక మజ్జలో పుట్టే మైలోమా అనే క్యాన్సర్‌లో కాల్షియం తనంతట తానే పెరిగే ప్రమాదం ముందే ఉంది. పైగా ఈ లక్షణాలను ఇంట్లోవాళ్లు కీమో వల్ల వచ్చిన నీరసం అనుకుంటారు, మాత్ర ఆపరు. ఆపినా, కొవ్వులో నిల్వ ఉన్న డి వారాల తరబడి ఒంట్లోనే ఉంటుంది.

ఆస్ట్రేలియాలో 21,315 మందితో జరిగిన డి-హెల్త్ ట్రయల్‌లో 60,000 యూనిట్లు ఇచ్చింది నెలకు ఒక్కసారి. అలా ఐదేళ్లు ఇచ్చినా మరణాలు తగ్గలేదు. మొదటి రెండేళ్లు వదిలేసి లెక్కిస్తే, డి తీసుకున్నవాళ్లలోనే క్యాన్సర్ మరణాలు కాస్త ఎక్కువగా కనిపించాయి.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. వైటల్ వివరాలను మళ్లీ పరిశీలించి 2020లో ప్రచురించిన విశ్లేషణలో, డి తీసుకున్నవాళ్లలో ఇతర భాగాలకు పాకిన లేదా ప్రాణం తీసిన క్యాన్సర్లు 17 శాతం తక్కువగా ఉన్నాయి. ఆ మేలు ఎక్కువగా కనిపించింది సాధారణ బరువు ఉన్నవాళ్లలో. తీసిపారేసే సంగతి కాదిది, ఇంకా పరిశోధించాల్సిందే. కానీ ఆ మోతాదు రోజుకు 2,000. తీసుకున్నవాళ్లు ట్రయల్‌లో చేరేనాటికి క్యాన్సర్ లేనివాళ్లు. ఉన్న జబ్బుకు కీమో బదులు వాడమని అందులో ఎక్కడుంది?

కొవ్వు మానేస్తే కణితి మాడుతుందట. వ్యాపించే క్యాన్సర్ కణాలు కొవ్వు ఆమ్లాలను వాడుకుంటాయని, వాటిలో ఒకటైన పామిటిక్ ఆమ్లం ఆ వ్యాప్తిని పెంచుతుందని ఎలుకల్లో చూపించిన మాట వాస్తవం. అయితే చాలా కణితులు చక్కెర నుంచి సొంతంగా కొవ్వు తయారుచేసుకుంటాయి. నూనె మానేసిన రోగి మాత్రం కండ కరిగి చిక్కిపోతాడు, తర్వాతి కీమో డోసు తట్టుకోలేడు.

చేప నూనెలో ఉండే ఒక కొవ్వు ఆమ్లం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు పనితనాన్ని తగ్గించిందని నెదర్లాండ్స్ పరిశోధకులు ఎలుకల్లో చూశారు. చేప నూనె తాగిన ఆరోగ్యవంతుల రక్తంలో ఆ ఆమ్లం పెరగడం కూడా గమనించారు. కాబట్టి కీమో రోజుల్లో డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు.

డాక్టర్లు దాస్తున్నారట. వైటల్‌కు డబ్బు పెట్టింది అమెరికా ప్రభుత్వ సంస్థలు, ఫలితాలు అందరి ముందూ ఉన్నాయి.

మీవాళ్లు ఎవరైనా ఈ మెసేజ్ చూసి మాత్రలు మొదలుపెట్టి ఉంటే, రోజుకు ఎంత, ఎన్నాళ్లుగా అన్నది ఇవాళే డాక్టర్‌కు చెప్పించండి. రక్తంలో కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయమని అడగండి.