బతికుండగానే ఇల్లు రాసివ్వాలా?

ఉద్యోగ విరమణ చేసిన ఏడాదిలోపే ఇల్లు పిల్లల పేరిట రాసిచ్చేయమని బంధువులు పోరు పెట్టడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మామూలైపోయింది. కావలిలో నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అలాగే 20 అంకణాల (అంకణం మన వైపు స్థలం కొలత) ఇంటిని కొడుక్కి దాన సెటిల్‌మెంటు చేశారు. కరెంటు బిల్లు కొడుకు పేరిట వచ్చిన రోజు ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో దాచుకొని తెచ్చి నాకు చూపించారు. కొడుకు చెడ్డవాడు కాదు. కానీ వాకిట్లో మేకు కొట్టాలన్నా ఇప్పుడు ఆయన కొడుకును అడుగుతున్నారు.

రిజిస్టరైన దానపత్రాన్ని మనసు మారిందని రద్దు చేసుకోలేం. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలోని 23వ సెక్షన్, పిల్లలు చూసుకోకపోతే ఆ దానాన్ని రద్దు చేయించుకునే దారి చూపి కొంత ఆదుకుంటుంది. అయితే పోషించాలన్న షరతు మీదే ఆస్తి ఇచ్చినట్లు తేలాలని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. 2025 జనవరిలో అదే కోర్టు, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా అన్వయించాలని చెప్పింది. సంతోషమే. కానీ డెబ్బై ఏళ్ల మనిషి కన్నబిడ్డ మీద ఫిర్యాదు పట్టుకొని తిరగవలసిన అవసరమే రాకూడదు.

అందుకే నేను వీలునామానే సమర్థిస్తాను. ఊపిరి ఉన్నంతవరకు ఆస్తి మన పేరిటే ఉంటుంది, ఎన్నిసార్లైనా మార్చి రాసుకోవచ్చు. స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ మన ఇష్టం, చేయిస్తే రేపు తగాదా వచ్చినప్పుడు బలం. స్వార్జితం ఎవరికైనా రాయవచ్చు, పిత్రార్జితంలో మాత్రం మన వాటా వరకే.

బ్యాంకులో నామినీ ఉన్నారు కదా అన్న ధీమా కూడా సరికాదు. డిపాజిట్ సొమ్ము నామినీ చేతికి వచ్చినా, దాని మీద హక్కు వారసులదే.

చేతికొచ్చిన గ్రాట్యుటీని ప్రామిసరీ నోట్ల మీద వడ్డీకి తిప్పేవారూ మన దగ్గర ఎక్కువే. బాకీ కోసం దావా వేయడానికి నోటుకు మూడేళ్లే కాలపరిమితి. దానికి బదులు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో ఒక్కొక్కరు 30 లక్షల వరకు దాచుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికందుతుంది. భార్యకూ అర్హత వయసు వచ్చాక విడిగా ఖాతా తెరిస్తే ఆమెకూ సొంత ఆదాయం ఉంటుంది.

వీలునామాలో మొట్టమొదట రాయవలసింది, భర్త తర్వాత భార్య జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు గురించి. కావలి మాస్టారి దానపత్రం నేను చదివాను. ఆయన కన్నా ఎనిమిదేళ్లు చిన్నదైన ఆయన భార్య గురించి అందులో ఒక్క వాక్యమూ లేదు.