మనాలీకి కొండలు అవసరమా?

మొన్న మే నెలలో కుటుంబ సమేతంగా మనాలీ వెళ్లొచ్చాను. అక్కడి ఏర్పాట్లన్నీ శ్రద్ధగా పరిశీలించాక నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే. ఊరు బాగుంది, సౌకర్యాలు బాగున్నాయి, కొండలే కాస్త అడ్డంగా ఉన్నాయి.

తొందరపడి కోప్పడకండి. ఢిల్లీ నుంచి మనాలీ 500 కిలోమీటర్ల పైమాటే. రాత్రంతా బస్సు. మా గుంపులో ముప్ఫై రెండు మందిమి ఉంటే, తెల్లారేసరికి పద్నాలుగు మంది కవర్లు అడిగారు. కారణం మలుపులు. ఆ మలుపులకు కారణం ఎవరు? నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

మనాలీ దగ్గరి సోలాంగ్ లోయకు వెళ్లే దారి పొడవునా మంచు కోట్లు అద్దెకిచ్చే షాపులు ఉంటాయి. ప్రతి షాపుకూ ఒక నంబరు. ఏ నంబరు దగ్గర ఆగాలో డ్రైవరే నిర్ణయిస్తాడు. నాకు దక్కింది మెడ నుంచి మడమ దాకా ఒకటే జిప్పు ఉన్న ఎర్ర కోటు. వీపు మీద పెయింటుతో షాపు నంబరు, జేబులో ఎవరో సగం తిని వదిలేసిన పల్లీ చిక్కీ. బూట్లలో కుడిది తొమ్మిదో నంబరు, ఎడమది ఎనిమిది. పైన మంచు ఉంటుందా అని అడిగితే డ్రైవరు "మిలేగా సర్జీ, పక్కా మిలేగా" అన్నాడు.

సోలాంగ్‌లో ఎండ దంచేస్తోంది. కింద పచ్చగడ్డి. దాని మీద ఎర్ర కోట్లు, నీలం కోట్లు, పసుపు కోట్లు వేసుకుని కొన్ని వందల మంది, పొరపాటున వేరే గ్రహం మీద దిగినవాళ్లలా చెమటలు కక్కుతూ తిరుగుతున్నారు. ఎదురుగా హనుమాన్ టిబ్బా శిఖరం కనిపిస్తోంది గానీ, అందరూ దానికి వీపు పెట్టే నిలబడ్డారు. ఫొటోకు అలాగే నిలబడాలి మరి. నేను జిప్పు లాగబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఐదొందలు పోశాం. ఫొటో అయ్యేదాకా విప్పకండి."

రోహ్తాంగ్ కనుమ ఎత్తు 3,978 మీటర్లు. రోజుకు 1,200 టూరిస్టు బళ్లకే పర్మిట్, అందులో 800 పెట్రోలువి, 400 డీజిలువి. మంగళవారం సెలవు. మా వంతు మంగళవారం వచ్చింది. టూరు పెద్దాయన ఆ సంగతి చెబితే, మంగళవారం చికెన్ లేదన్నంత మామూలుగా తీసుకున్నారు అందరూ.

దానికి బదులు అటల్ సొరంగం చూపించారు. 2020 అక్టోబరులో ప్రారంభమైంది, పొడవు 9.02 కిలోమీటర్లు. మనాలీ నుంచి కొండల అవతలున్న కేలాంగ్ ఊరి దూరాన్ని 46 కిలోమీటర్లు తగ్గించింది. కొండను చూడకుండా కొండ దాటే మార్గం, అదీ ప్రభుత్వ ఖర్చుతో! నా వాదనకు ఇంతకంటే బలం ఏం కావాలి? మొత్తం టూరులో మావాళ్ల ఉత్సాహం పతాకస్థాయికి చేరిందీ ఆ సిమెంటు గోడల మధ్యే. కిటికీలు తీసి "ఓ" అని అరిచారు. అవతల లాహౌల్ లోయ కళ్ల ముందు తెరుచుకోగానే అరుపులు ఆపేసి, సిగ్నల్ వచ్చిందా లేదా అని ఫోన్లు చూసుకున్నారు.

హిడింబ గుడి మాత్రం నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది. దేవదారు చెట్ల నడుమ 1553లో కట్టిన చెక్క గుడి. మన హిడింబి అక్కడ రాక్షసి కాదు, అమ్మవారు. ఆవిడ వస్తే గానీ కులూ దసరా మొదలవదు. దగ్గర్లోనే ఒక చెట్టు కింద ఘటోత్కచుడి స్థానం. "మన ఘటోత్కచుడే!" అంటూ మా గుంపులో ఒక పెద్దావిడ, తప్పిపోయిన మేనల్లుడు దొరికినట్టు కళ్లొత్తుకుంది. ఆ రెండు నిమిషాలు నాకూ ఏదోలా అయింది. ఇంతలో ఎవరో నా చేతుల్లో తెల్లటి అంగోరా కుందేలును పెట్టి, ఫొటోకు యాభై అన్నారు. కుందేలు నా మొహంలోకి చూసింది. ఆ రోజుకు నేను ఎన్నోవాణ్ణో లెక్కేసుకుంటున్నట్టుంది.

అదే లోయలో ఉన్న నగ్గర్ అనే ఊరికి వెళ్లలేదు. నికోలస్ రోరిక్ అనే రష్యన్ చిత్రకారుడు అక్కడ దాదాపు 20 ఏళ్లు ఉండి, కొండలు చూస్తూ కొండల బొమ్మలే వేశాడు. మన వాల్తేరులో పుట్టిన దేవికారాణి 1945లో ఆయన కొడుకును పెళ్లాడి, కొన్నాళ్లు ఆ లోయలోనే కాపురం చేసింది. వెళ్దామా అంటే టూరు పెద్దాయన "అక్కడేముంది సార్, బొమ్మలు" అన్నాడు.

ఇక నది సంగతి. 2023 జులైలో బియాస్ పొంగి, ఒడ్డునున్న కట్టడాలనూ రోడ్డునూ పట్టుకుపోయింది. దాని చోట్లో మనం హోటళ్లు కట్టుకున్నాం, నిజమే. అంతమాత్రాన చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చేయడమేనా?

అందుకే నా ప్రతిపాదన. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఇరవై ఎకరాలు తీసుకుని మనాలీని అక్కడే పెట్టేద్దాం. పెద్ద ఏసీ హాలు, నంబర్లున్న కోట్లు, మోమోలు, కుందేళ్లు. గేదెకు ఉన్ని కప్పితే జడల బర్రె. ట్రాఫిక్ జామ్‌కు విడిగా ఖర్చు పెట్టక్కర్లేదు.

దీనికి అడ్డు చెప్పగలిగిన మనిషి మా గుంపులో ఒక్కడే కనిపించాడు. మా వంటాయన. కాకినాడ నుంచి కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి, అప్పడాలు మోసుకొచ్చాడు. మూడో రోజు తెల్లవారుజామున హోటల్ వెనక్కి వెళ్తే, గుండిగ ముందు పీటేసుకుని కూర్చుని ఉన్నాడు.

"పప్పు ఉడికిందా బాబాయ్?"

"ఎక్కడ బాబూ! మూడింటికి పెట్టా. కళపెళా మరుగుతోంది గానీ పలుకు నలగట్లేదు."

మనాలీలాంటి 2,000 మీటర్ల ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. మా ముప్ఫై రెండు మందిలో ఎవరికీ తెలియని హిమాలయం ఎత్తు ఆ కందిపప్పుకు తెలిసింది.

"ఏం చేస్తాం, అదిగో, దాన్నే చూస్తా కూచున్నా" అని గరిటెతో కొండను చూపించాడు. "ముందు బూడిదలా ఉంది. తర్వాత కుంకుమ రంగొచ్చింది. ఇప్పుడు చూడు, వెండి!"

మా గది కిటికీ కూడా అటువైపే. మూడు రోజులుగా కర్టెన్ వేసుకుని పడుకుంటున్నాను.

"ఫొటో తీశావా?"

"చేతినిండా పసుపు. ఫోనెలా ముట్టుకుంటా బాబూ?"

ఫొటో లేదు కనుక ఈ సాక్ష్యాన్ని నేను పరిగణనలోకి తీసుకోవడం లేదు. పప్పు ఎనిమిదింటికి ఉడికింది.