ఓటు లేనివాడికి రాజకీయం ఎందుకంటారా?

టెన్త్ బ్యాచ్ గ్రూపులో అదే మెసేజ్, అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, పెళ్లి పనుల కోసం పెట్టుకున్న గ్రూపులోనూ అదే. "తల్లిదండ్రులారా, మేల్కోండి! పద్దెనిమిది నిండేదాకా పిల్లలను రాజకీయాలకు దూరంగా ఉంచండి" అని మొదలై ఐదు పాయింట్లు, కింద దండాల బొమ్మలు. చూసీ చూడనట్టు వదిలేస్తూ వచ్చాను. నిన్న మా బావగారు కూడా పంపి, "పిల్లలకు చదివి వినిపించు" అన్నారు. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"పూర్వం విద్యార్థులకు చదువే లోకం." ఏ పూర్వం? 1938లో నిజాం పాలనలో వందేమాతరం పాడినందుకు కాలేజీ నుంచి గెంటేస్తే, నాగ్‌పూర్ వెళ్లి చదువుకున్నవాళ్లలో పీవీ నరసింహారావు గారు ఒకరు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు. ఉద్యోగాలు స్థానికులకే అన్న 1952 ముల్కీ ఉద్యమం, 1966 విశాఖ ఉక్కు, 1969 తెలంగాణ... వీటిలో రోడ్డెక్కిందెవరు? ఏటా జూన్ 28న పీవీ గారి జయంతికి ఆయన ఫొటోకు దండలేసి పంపేదీ ఈ మిత్రులే మరి.

"అమెరికా పిల్లలు రాజకీయాల జోలికి పోరు." వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీ కట్టుకుని బడికి వెళ్లిన పదమూడేళ్ల అమ్మాయిని సస్పెండ్ చేస్తే, 1969లో అక్కడి సుప్రీంకోర్టు ఆ అమ్మాయి పక్షానే తీర్పిచ్చింది. "పేపర్ చదివేవాడికి ర్యాంకు రాదు." సివిల్స్ ర్యాంకర్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పండి పాపం.

నాకు ఒళ్లు మండింది నాలుగో పాయింటుకు: "ఓటే లేనివాడికి రాజకీయం ఎందుకు?"

మా వీధిలో ఒక అమ్మాయి పాలిటెక్నిక్ పూర్తి చేసింది. ఈసెట్‌లో ర్యాంకొచ్చింది, ఇంజనీరింగ్‌లో చేరాలి. సర్టిఫికెట్లేమో కాలేజీ బీరువాలో ఉన్నాయి. "గవర్నమెంట్ నుంచి మీ ఫీజు రాలేదమ్మా, కట్టేసి తీసుకెళ్లు" అన్నాడు గుమాస్తా. వాళ్లమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టి కట్టింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలంటే ఏమిటో, బడ్జెట్‌లో రాసిన డబ్బు ఎందుకు విడుదల కాదో, ఎమ్మెల్యేని ఏమని నిలదీయాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. పదహారో ఏట చేరిన రోజు నుంచీ ఆమె చదువు రాజకీయం చేతిలోనే ఉంది. తెలియకుండా జాగ్రత్తపడ్డవాళ్లం మనమే.

2019 తెలంగాణ ఇంటర్ ఫలితాలు అప్పుడే మరిచిపోయారా? ఒకమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, మళ్లీ చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఇంటర్ బోర్డు ముందు పిల్లలూ తల్లిదండ్రులూ గొడవ చేస్తేనే, ఫెయిలైన వాళ్ల పేపర్లన్నీ ఉచితంగా మళ్లీ చూస్తామన్నారు. మెసేజ్ రాసిన పెద్దమనిషి లెక్కలో ఆ పిల్లలు కూడా ఇంట్లో కూర్చుని మ్యాథ్స్ చేసుకోవాల్సింది కాబోలు.

పైగా, పదిహేడేళ్ల మూడువందల అరవై నాలుగు రోజులు ఏమీ తెలియకుండా పెంచిన వాడికి మర్నాడు పొద్దున్నే జ్ఞానోదయమై, ఈవీఎం ముందు నిలబడి సరైన మీట నొక్కేస్తాడా? ఓటు వయసును 21 నుంచి 18కి దించిన రాజ్యాంగ సవరణ 1989లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడైతే పదిహేడు నిండినవాళ్లు ఓటరు నమోదుకు ముందుగానే ఫారం 6 దరఖాస్తు ఇవ్వొచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్... ఈ నాలుగు నెలల ఒకటో తేదీల్లో ఏ తేదీకి పద్దెనిమిది నిండితే దాన్నిబట్టి జాబితాలో చేరుస్తారు. అంటే ఎన్నికల సంఘమే పదిహేడేళ్లవాణ్ని రమ్మంటోంది. బావగారు వద్దంటున్నారు.

ఐదోది, "రాజకీయం పిల్లలను చెడగొడుతుంది." ఇందులో నిజముంది, ఒప్పుకుంటాను. హీరోల ఫ్యాన్స్ కొట్టుకున్నట్టే ఇప్పుడు పార్టీల కోసం ఇన్‌స్టాలో బూతులు తిట్టుకుంటున్నారు పిల్లలు. తొమ్మిదో తరగతివాడు అవతలి పార్టీ నాయకుడి భార్య మీద కామెంట్ పెడుతున్నాడు. నాయకుడి పుట్టినరోజుకు ఫ్లెక్సీలు కట్టేదీ, బైకు ర్యాలీలో సైలెన్సర్లు తీసేసి తిరిగేదీ మీసాలు రాని కుర్రాళ్లే. బిర్యానీ పొట్లం, పెట్రోలు చీటీ ఇస్తే చాలు. అది చూసి భయపడే తల్లిని నేను తప్పుపట్టను.

కానీ ఆ కుర్రాణ్ని ఆ బండెక్కించిందెవరు? పిల్లలను ప్రచారాల్లో వాడొద్దని 2024 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం హెచ్చరించింది పార్టీలనే, పిల్లలను కాదు. కాబట్టి బావగారూ, మేల్కోమనే ఆ మెసేజ్ నాకెందుకు? మీ వార్డులో జెండాలు పంచే ఆయన నంబరు మీ దగ్గర ఉందిగా, ఆయనకు పంపండి.