మిషన్‌కు తలంటు

దీపావళి నాడు మనుషులకు తలంటు పోస్తారు. మా ఇంట్లో అంతకు ఇరవై రోజుల ముందే, ఆయుధపూజ నాడు, కుట్టు మిషన్‌కు పోస్తారు. మనుషులకైతే జిడ్డు వదలడానికి కుంకుడుకాయ పులుసన్నా ఉంటుంది. మిషన్‌కు ఆ భాగ్యం కూడా లేదు.

అది మా మేనత్తది. సింగర్ చేతి మిషన్. వంపు తిరిగిన చెక్క మూతా, పైన పిడీ ఉన్నాయి కాబట్టి దాన్ని పోర్టబుల్ అన్నారు. ఎత్తి చూడండి, పది కిలోల పైమాటే. ఆ పేరు పెట్టినవాడు దాన్ని ఏ రోజూ మేడమెట్లు ఎక్కించి ఉండడు. పుట్టింది స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతబడింది గానీ, అక్కడి రైల్వే స్టేషన్‌కు ఇప్పటికీ సింగర్ అనే పేరే ఉంది. నల్లటి ఒంటి మీద బంగారు రంగులో ఈజిప్టు స్ఫింక్స్ బొమ్మ. మనిషి తల, సింహం ఒళ్ళు. మా నాయనమ్మ దాన్ని నరసింహస్వామి కింద లెక్కగట్టింది. తలా ఒళ్ళూ తారుమారయ్యాయన్న చిన్న విషయాన్ని ఆవిడ పట్టించుకోలేదు. అప్పట్నుంచి ఏటా స్వామికి బొట్టు. స్వామి పక్కనే నూనె పోసే చిల్లు. ఆ చిల్లుకూ బొట్టు. బొట్టు మీద నూనె. నూనె మీద పసుపు.

యంత్రాలంటే అంత గిట్టని గాంధీగారు కూడా 1924లో సింగర్ మిషన్‌ను మాత్రం మినహాయించారు, మనిషి కనిపెట్టిన పనికొచ్చే కొద్ది వస్తువుల్లో ఇదొకటన్నారు. ఆయన దాన్ని మా ఇంట్లో చూడలేదు.

మొన్న దసరాకు చక్రం తిరగలేదు. వెంటనే హాల్లో నిపుణుల సంఘం సమావేశమైంది. అధ్యక్షులు పెదనాన్న. కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు కాబట్టి యంత్రమన్నదానికల్లా ఆయనదే తుది తీర్పు. "ఒరేయ్, కాస్త కొబ్బరినూనె అందుకో" అన్నారు. అందుకున్నాం. పోశారు. చక్రం కదల్లేదు. బావ లేచి, తాతల కాలంలో బండి ఇరుసులకు ఆముదమే కదా పెట్టేవాళ్ళు, బండి కన్నా ఇది గొప్పదా అని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. ఆముదం పోశారు. పిన్ని దీపారాధనకు వాడే నువ్వులనూనె తెచ్చింది, మడిగా ఉంటుందని. మడి నూనె పోశారు. బావగారబ్బాయి బైకు గొలుసుకు కొట్టే స్ప్రే డబ్బా తెచ్చి చిల్లున్న ప్రతిచోటా కొట్టాడు, చిల్లు లేని చోటా కొట్టాడు. ఎవరో శానిటైజర్‌తో ఒళ్ళంతా తుడిచారు. ఆ మెరుపు లక్కపూత, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. స్వామివారి వెనక కాలు గుడ్డకు అంటుకుని వచ్చేసింది.

ఇంతలో గల్ఫ్‌లో ఉన్న బాబాయి వీడియో కాల్‌లోకి వచ్చి, "ఆపండర్రా! దాన్ని విప్పొద్దు!" అని కేకేశాడు. అందులో ఎర్ర పాదరసమని, కోట్లు పలుకుతుందని చెప్పుకునే పదార్థం ఉంటుందట. 2009లో సౌదీలో నిజంగానే ఈ పుకారు లేచి పాత సింగర్ మిషన్లకు లక్షల రియాళ్ళ దాకా బేరాలు నడిచాయి. పాదరసం ఉందో లేదో చూడ్డానికి సూది దగ్గర సెల్‌ఫోన్ పెట్టాలట, లైను తెగిపోతే ఉన్నట్టట. పెట్టాం. తెగిపోయింది. మా హాల్లో సిగ్నల్ పదిహేనేళ్ళుగా అలాగే తెగుతోంది. అయినా పావుగంట సేపు అందరం కోటీశ్వరులమే. ఆ పావుగంటా అత్తయ్య పేరు ఎవరి నోటా రాలేదు, వాటాల మాటే వచ్చింది.

మర్నాడు బజారు వీధి చివర మిషన్లు బాగుచేసే ముసలాయన్ని పిలిచాను. మూత తీసి వాసన చూశాడు. "ఇది మిషనా, ఊరగాయ జాడీయా బాబూ?" అన్నాడు.

ఆయన చేసిందంతా ఇంతే. కాస్త కిరసనాయిలు చిల్లుల్లో వేసి నానబెట్టాడు. చక్రాన్ని బలవంతపెట్టకుండా, పసిబిడ్డ చేతిని ఊపినట్టు ఇటూ అటూ కదిపాడు. గంటకు బంక వదిలింది. నల్లగా, పసుపు చారలతో కారింది. గింజల నూనెలు గాలి తగిలితే సాగి బంకవుతాయి, కొబ్బరినూనె ఇరవై నాలుగు డిగ్రీలకు దిగితే పేరుకుంటుంది. మిషన్ నూనె పెట్రోలియం నుంచి తీసేది, నీళ్ళలా పల్చన. చిన్న సీసా ఏ కుట్టు సామాన్ల కొట్లోనైనా దొరుకుతుంది. మొత్తం తుడిచి, లోహం లోహానికి రాసుకునే ఒక్కో చోట ఒక్కో చుక్క వేశాడు. ఒక్క చుక్క. మళ్ళీ తిప్పి, కారింది తుడిచి, పాత గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టి చూశాడు.

ఆ తర్వాత సూది కింది పలక మరలు విప్పి, గుడ్డను లాగే పళ్ళ సందుల్లో సూదిమొన పెట్టి గీకాడు. నూలు పొట్టు వచ్చింది, నొక్కుకుపోయి కంబళి ముక్కలా. పైన మట్టిరంగు. విడదీస్తే నీలం పోగులు, అవి నా స్కూలు చొక్కావి. ఖాకీ, బావ నిక్కర్లది. ఎరుపూ ఆకుపచ్చా వీధిలో వాళ్ళ జాకెట్లవి. ఆ జాకెట్ల డబ్బుతోనే ఈ ఇంట్లో ముగ్గురి పరీక్ష ఫీజులు కట్టారు.

అత్తయ్య చేసిన ఈ పనికి మా ఇంట్లో పెట్టిన పేరు కాలక్షేపం. "ఊరికే కూర్చోకుండా ఏదో కుట్టుకుంటుందిలే." అలా అన్నవాళ్ళ లాగూ గుండీల దాకా ఆవిడ కుట్టినవే! మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మనిషి, కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో గుడ్డ జరుపుతూ, రాత్రి పదకొండు దాకా, ముప్ఫై ఏళ్ళు. బల్బు మార్చమంటే కరెంటు బిల్లు గుర్తుచేశారు, కరెంటాఫీసు ఉద్యోగి ఇంట్లో. భుజం పట్టేసి చెయ్యి లేవక తల దువ్వుకోలేని రోజుల్లో గోరువెచ్చటి నూనె ఇంత తెచ్చి ఆ భుజానికి రాసినవాడు లేడు. ఒక్కడు లేడు. నాతో సహా. ఆవిడ పోయాక మిషన్‌కు నాలుగు రకాల నూనెలు! సిగ్గులేని జన్మలు.

ముసలాయన మూడొందలు అడిగాడు. నాలుగు చుక్కలకు మూడొందలా అని పెదనాన్న రెండొందలకు బేరమాడారు. మిగతా వంద నేను గుమ్మం బయట ఇచ్చాను.

వచ్చే దసరాకు ముందుజాగ్రత్తగా లావుపాటి అక్షరాలతో ఒక చీటీ రాసి మూత లోపల అంటించాను: "మిషన్ నూనె తప్ప మరేదీ పోయరాదు. చిల్లులకు బొట్టు పెట్టరాదు." పిన్ని చదివింది, బాగుందంది. సాయంత్రం చూస్తే చీటీకి నాలుగు మూలలా పసుపు రాసి ఉంది.