అందరికీ ఒకే స్పీడు ఇస్తే మిగిలేదెంత?

సాయంత్రమయ్యేసరికి మొబైల్ నెట్ నత్తనడక పడుతుంది. దీని మీద వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే వాదన ఒకటుంది: సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ రావట్లేదంటే కంపెనీ కావాలనే తగ్గిస్తోంది, టవర్ కింద అందరికీ ఒకే స్పీడు పంచితే గొడవే ఉండదు, ఫోన్ కాల్స్‌ను ముందు పంపడం నెట్ న్యూట్రాలిటీకి (నెట్‌లో ఏ కంటెంట్ మీదా వివక్ష ఉండకూడదన్న సూత్రానికి) విరుద్ధం. కోపం సబబే. వాదన మాత్రం నిలవదు.

గీతల సంగతి చిన్నది. టవర్ నుంచి వచ్చే సిగ్నల్ మీ ఫోన్‌కి ఎంత బలంగా అందుతోందో అవి చెబుతాయి. అదే టవర్ మీద ఇంకా ఎంతమంది ఉన్నారో చెప్పవు. గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద గీతలన్నీ ఉండి కూడా ఒక్క ఫొటో వెళ్లకపోతే, అది జనం ఒత్తిడి. దానికి ఎవరో కుట్ర చెయ్యాల్సిన పని లేదు.

అసలు తిరకాసు 'ఒకే స్పీడు' దగ్గరుంది. వినడానికి ఎంత న్యాయంగా ఉందో, లెక్క వేస్తే అంత దారుణం. 4జీలో 10 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను, అంటే సిగ్నల్ నడిచే రేడియో తరంగాల పట్టీని, 50 చిన్న ముక్కలుగా (రిసోర్స్ బ్లాకులుగా) విడగొడతారు. వాటిలో ఏది ఎవరికన్నది టవర్‌లోని షెడ్యూలర్ ప్రతి మిల్లీసెకనుకూ తేలుస్తుంది. అంటే పంచేది బ్లాకుల్ని, సమయాన్ని. స్పీడు దాని ఫలితం. టవర్‌కి దగ్గరున్న ఫోన్ ఒక బ్లాకులో చాలా డేటా లాగుతుంది. నాలుగు గోడల వెనకున్న ఫోన్ అదే బ్లాకులో కొంచెమే లాగగలదు.

ఇద్దరే ఉన్నారనుకుందాం. టవర్ మొత్తం తనకే ఇస్తే దగ్గరివాడికి 50 ఎంబీపీఎస్, దూరంవాడికి 5 వస్తుంది. ఇద్దరికీ ఒకే స్పీడు రావాలంటే సమయంలో పదకొండింట పది వంతులు దూరంవాడికే పోవాలి. అప్పుడు చెరో నాలుగున్నర, మొత్తం 9. అలా కాకుండా సమయాన్ని సగం సగం ఇస్తే ఒకరికి 25, ఇంకొకరికి రెండున్నర, మొత్తం 27 పైనే. దూరంవాడు రెండు పోగొట్టుకుంటే దగ్గరివాడికి ఇరవై కలిసొచ్చింది. మొత్తం స్పీడే ముఖ్యమనుకుంటే దూరంవాడికి సున్నా చుట్టాలి, అదీ తప్పే. అందుకే నెట్‌వర్క్‌లలో ఎక్కువగా 'ప్రొపోర్షనల్ ఫెయిర్' పద్ధతి ఉంటుంది: ఎవరినీ ఎండగట్టదు, ఒక్కరి కోసం అందర్నీ కిందికి లాగదు.

సమాన స్పీడు ప్రయోగం ఇప్పటికే జరిగిపోయింది, అదీ వైఫైలో. పాత వైఫై ప్రతి పరికరానికీ ప్యాకెట్ల (డేటాను పంపే చిన్న మూటల) వంతు సమానంగా ఇచ్చేది. 11 ఎంబీపీఎస్‌లో నడిచే నెట్‌వర్క్‌లోకి 1 ఎంబీపీఎస్ పరికరం ఒక్కటి చేరితే మిగతావన్నీ దాని స్థాయికే పడిపోతాయని 2003లో పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. తర్వాత వచ్చిన చాలా రూటర్లు ప్యాకెట్ల బదులు గాలిలో గడిపే సమయాన్ని పంచడం మొదలుపెట్టింది ఇందుకే.

ఇక కాల్స్. వోల్టీఈ కాల్‌కి, అంటే 4జీ డేటా మీదే నడిచే ఫోన్ కాల్‌కి, కావలసింది సెకనుకు కొన్ని పదుల కిలోబిట్లే, కానీ అవి సమయానికి అందాలి. 4జీ ప్రమాణాల్లో కాల్ మాటలకు 100 మిల్లీసెకన్ల గడువు, మామూలు డేటాకు 300. వీడియో ముందే కొంత దాచుకుని ఆడుతుంది. మాట ఆలస్యమైతే 'హలో, హలో' తప్ప ఏమీ మిగలదు. దీనికి నెట్ న్యూట్రాలిటీని అడ్డం పెట్టడం మరీ అన్యాయం. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నవంబరులో చేసిన సిఫార్సులు, 2018లో కేంద్రం ఆమోదించిన నియమాలు వద్దన్నది కంటెంట్ చూసి వివక్ష చూపడాన్ని. సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకు అందులో చోటుంది. ఒక కంపెనీ తన సొంత వీడియో యాప్‌కు దారిచ్చి పోటీ యాప్‌ను తొక్కితే అది వేరే కథ. అప్పుడు నిలదీయాల్సిందే.

మరి రాత్రి తొమ్మిదికి నెట్ ఎందుకు రాదు? చాలాసార్లు టవర్ మోయగలిగిన దానికన్నా ఎక్కువమంది ఉంటారు కాబట్టి. షెడ్యూలర్ ఎంత తెలివైనదైనా లేని బ్లాకుల్ని పుట్టించలేదు. అదనపు సెక్టార్లు (టవర్ మీద ఒక్కో దిక్కును చూసుకునే యాంటెన్నాలు), చిన్న సెల్స్ (కొద్ది చోటుకే సరిపోయే బుల్లి టవర్లు), ఇంకొంచెం స్పెక్ట్రమ్ కావాలి. వాటికి డబ్బవుతుంది, కంపెనీ వాయిదా వేస్తుంది. ఆ వాయిదా మీద అడగాలి. ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం కంపెనీలు కవరేజీ మ్యాపులు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. అయితే మీ వీధిలో సిగ్నల్ ఉందో లేదో తెలిసినంత మాత్రాన, మీ టవర్ రద్దీ వేళల్లో ఎంత నిండిపోతోందో తెలియదు. గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆ లెక్క కోసం పట్టుబట్టాలి.