చైను మార్చేయండి సార్!
నాన్నగారి హెచ్ఎంటీ వాచీ భేషుగ్గా నడుస్తోంది. బాధంతా దాని స్టీలు చైనుతోనే. మన విశాఖ ఉప్పుగాలికీ చెమటకీ లింకుల సందుల్లో నల్లటి జిడ్డు పేరుకుపోయి, పిన్నులు తుప్పు పట్టాయి. జగదాంబ దగ్గర ఏ కొట్టుకెళ్లినా ఒకటే పాట: "అది పారేసి కొత్తది వేయించుకోండి సార్!" ఆ కొత్తదేమో 20 మిల్లీమీటర్లు, వాచీకి ఉన్న చోటు 18. "కాస్త అరగదీస్తే దూరిపోద్ది" అంటాడు. దేన్ని అరగదీస్తాడట, వాచీనా?

పాలిష్‌కిస్తే ఇంకా ఘోరం. అందం కోసం తయారీలోనే సన్నటి గీతలు పెట్టిన స్టీలుని బఫింగ్ చక్రానికి పెట్టి గీతలన్నీ చెరిపేసి, మెస్సులో మంచినీళ్ల గ్లాసులా తళతళలాడించి ఇచ్చారు. పైగా మెచ్చుకోలేదని అలక! హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లోనే తేల్చేసింది. ఇంక అసలు చైను ఎక్కణ్ణుంచి తేవాలి? జిడ్డంటే సబ్బునీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో నేనే తోముకుంటా. పిన్నులు ఎవరు వేస్తారండీ?