తాళంచెవి మీద పద్యం చెక్కితే తాళం సాహిత్యం అవుతుందా?

మా సిమ్యులేటర్ గేముల బ్యాచ్‌లో ఒక కుర్రాడు ఓపెన్‌ట్రాక్ (తల కదలికని గేముకి పంపే ఉచిత ప్రోగ్రాం) ఎలా పెట్టుకోవాలని అడిగాడు. ఎవరైనా సమాధానం చెప్పేలోపే ఒక పెద్దాయన దిగిపోయాడు: "అది పైరసీ బ్రదర్. ట్రాక్‌ఐఆర్ కొనుక్కో. కొనలేకపోతే మౌస్‌తో ఆడుకో." ట్రాక్‌ఐఆర్ అంటే అదే పనికి ఒక కంపెనీ అమ్మే పరికరం. ఆయన మాటకి లైకులు కూడా పడ్డాయి. ఆ కుర్రాడు మళ్ళీ నోరెత్తలేదు.

నాకు ఒళ్ళు మండింది. అక్కడే మొదలుపెడితే గొడవ తెల్లారేదాకా నడుస్తుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం ముందు విషయం చెప్తా. విమానం సిమ్యులేటర్‌లోనో, యూరో ట్రక్ సిమ్యులేటర్‌లోనో కూర్చున్నప్పుడు ఎదురుగా ఉండేది ఒక్క స్క్రీనే. రన్‌వే ఎడమపక్క ఉంటే ఎలా చూడాలి? అద్దంలో వెనక లారీ కనిపించాలంటే? హెడ్ ట్రాకింగ్ ఉంటే తల కొంచెం తిప్పితే చాలు, గేములో చూపు బాగా తిరుగుతుంది. మన కళ్ళు స్క్రీను దాటి పోవు, అయినా కాక్‌పిట్ అంతా చూడొచ్చు. ఒకసారి అలవాటైతే మళ్ళీ మౌస్‌తో చూడటం నరకమే. ఇంత జరిగినా గేముకి అందేది ఆరు అంకెలు: తల అడ్డంగా ఎంత తిరిగింది, పైకీ కిందకీ ఎంత వంగింది, భుజం వైపు ఎంత వాలింది, పక్కకి, పైకి, ముందుకి ఎంత జరిగింది. ఆ ఆరు అంకెల కోసమే ఈ రచ్చంతా.

ట్రాక్‌ఐఆర్ చేసేది నేచురల్‌పాయింట్ అనే కంపెనీ. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, కోర్వాలిస్ ఊరు. చేతులు సరిగ్గా కదలనివాళ్ళు తలతోనే మౌస్ నడుపుకునే స్మార్ట్‌నావ్ అనే పరికరం కూడా వీళ్ళదే. గేముల్లో తల తిప్పి చూడటాన్ని జనానికి అలవాటు చేసింది వీళ్ళే. స్టూడియోల వెంటపడి, ఒక్కో గేములో దీన్ని పెట్టించింది కూడా వీళ్ళే. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. ట్రాక్‌ఐఆర్ 5 కెమెరా సెకనుకి 120 ఫ్రేములు తీస్తుంది, పెట్టె విప్పి తగిలిస్తే పని చేస్తుంది. మంచి సరుకు. ధర నూటయాభై డాలర్ల చుట్టూ తిరుగుతుంది. దాని మీద షిప్పింగ్, కస్టమ్స్ కట్టి ఇక్కడికి తెప్పించుకునేసరికి కొందరికి అది గ్రాఫిక్స్ కార్డు బడ్జెట్.

ఇటుపక్క ఫ్రీట్రాక్. ఇదీ తల కదలికని పట్టే ప్రోగ్రామే, కానీ ఉచితం, ఓపెన్ సోర్స్. జీపీఎల్ లైసెన్సు, అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చింది. మామూలు వెబ్‌క్యామ్ విప్పి, లోపల ఇన్ఫ్రారెడ్‌ని ఆపే చిన్న గాజుముక్క తీసేసి, దాని బదులు పాత ఫోటో నెగెటివ్ ముక్కో, ఫ్లాపీ డిస్క్ లోపలి ఫిల్మో పెట్టాలి. టోపీకో హెడ్‌సెట్‌కో మూడు ఇన్ఫ్రారెడ్ ఎల్ఈడీలు తగిలించాలి. అంతే. మా బ్యాచ్‌లో సగంమంది ఆ ఎల్ఈడీలు కోఠి గుజరాతీ గల్లీలో చిల్లరకి కొని, సోల్డరింగ్ చేసుకున్నవాళ్ళే. తర్వాత ఫేస్‌ట్రాక్‌నోఐఆర్ అనే మరో ఉచిత ప్రోగ్రాం వచ్చింది, అందులోంచి ఓపెన్‌ట్రాక్ పుట్టింది. ఇప్పుడు ఎల్ఈడీలు కూడా అక్కర్లేదు, మామూలు వెబ్‌క్యామ్‌తో ముఖాన్నే పట్టేస్తుంది.

"కంపెనీ టెక్నాలజీ కొట్టేశారు" అనేవాళ్ళకి ఒక మాట. మెరిసే చుక్కలు కెమెరాకి ఎక్కడ కనిపించాయో చూసి తల ఎటు తిరిగిందో లెక్కగట్టే గణితం ఎవడబ్బ సొత్తూ కాదు. ఓపెన్‌ట్రాక్ చుక్కల్ని పట్టడానికి వాడే పాజిట్ పద్ధతి 1990ల్లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశోధనా పత్రంగా ప్రచురించినది. పాతిక లైన్ల కోడ్‌లో రాయొచ్చని ఆ పత్రం పేరులోనే ఉంటుంది. 2007లో జానీ చుంగ్ లీ అనే పరిశోధకుడు నింటెండో వాళ్ళ వీ అనే గేమ్ మెషీన్ రిమోట్‌ని టీవీ దగ్గర పెట్టి, లైట్లు తలకి తగిలించుకుని ఇదే పని చేసి చూపిస్తే ప్రపంచమంతా నోరు తెరుచుకుని చూసింది. కాబట్టి ఈ గొడవ కెమెరా గురించీ కాదు, లెక్క గురించీ కాదు.

మరి దేని గురించి? ఇక్కడే అసలు కామెడీ ఉంది.

ట్రాక్‌ఐఆర్‌కి సపోర్ట్ ఉన్న గేము మొదలవగానే విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు రాసిపెట్టుకునే చిట్టా) నేచురల్‌పాయింట్ పేరుతో ఉన్న ఒక చోటు చూస్తుంది. అక్కడ రాసిన ఫోల్డర్‌లోంచి ఎన్‌పీక్లయింట్ అనే డీఎల్‌ఎల్ ఫైల్ (వేరే ప్రోగ్రాంలు పిలిచి వాడుకునే కోడ్) తెచ్చుకుంటుంది. తెచ్చుకోగానే అంకెలు అడగదు. ముందు "నీ సంతకం చెప్పు" అంటుంది. ఆ ఫైల్ రెండు చిన్న వాక్యాల గుంపులు అప్పజెప్పాలి. ఒకదాంట్లో తల గేములో పెట్టు, వెళ్ళి చుట్టూ చూడు అనే ధోరణిలో మూడు ప్రచారం ముక్కలు. రెండోదాంట్లో కెమెరా, సాఫ్ట్‌వేరు, కదలిక అంటూ మరో మూడు ముక్కలు. రెండిటి చివరా కాపీరైట్ ఐకంట్రోల్ టెక్నాలజీస్ అని ఉంటుంది. అది ఆ కంపెనీ పాత పేరు. అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్తేనే గేము అంకెలు తీసుకుంటుంది. లేకపోతే మన తల ఎంత తిప్పినా దానికి పట్టదు.

అంటే పాస్‌వర్డ్‌గా వాక్యాలు పెట్టి, ఆ వాక్యాల కిందే కాపీరైట్ నోటీసు అతికించారు. ఉచిత సాఫ్ట్‌వేరు ఆ వాక్యాలు చెప్పకపోతే గేము తలుపు తీయదు, చెప్తే "మా రచన కాపీ కొట్టావు" అంటారు. తాళంచెవి పళ్ళ మీద ఒక పద్యం చెక్కించి, పద్యం నాది కాబట్టి ఊళ్ళో ఎవడూ మారుచెవి చేయకూడదనడం ఇది. తెలివైన ఎత్తే, ఒప్పుకుంటా. న్యాయమా అన్నదే ప్రశ్న.

ఈ ఎత్తు వీళ్ళు కనిపెట్టింది కూడా కాదు. సెగా కంపెనీ తన జెనెసిస్ గేమ్ మెషీన్‌లో ఇలాంటిదే పెట్టింది. క్యాట్రిడ్జ్‌లో ఫలానా చోట సెగా అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉంటేనే గేము నడుస్తుంది, నడిచేముందు "సెగా అనుమతితో తయారైంది" అన్న అర్థం వచ్చే మాట స్క్రీను మీద పడుతుంది. అకోలేడ్ అనే కంపెనీ ఆ మెషీన్ ఎలా పని చేస్తుందో విప్పి చూసి, ఆ అక్షరాలు పెట్టి సొంతంగా గేములు అమ్మింది. సెగా కోర్టుకెక్కింది. 1992లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు అకోలేడ్ వైపు మొగ్గింది. పని చేయడానికి ఏం కావాలో తెలుసుకోవడానికి వేరే దారి లేనప్పుడు కోడ్ విప్పి చూడటం న్యాయమైన వాడకమే అంది. తప్పుడు పేరు స్క్రీను మీద పడటానికి కారణం అలా తాళం వేసిన సెగాయే అని కూడా తేల్చింది.

నాకు ఇంకా ఇష్టమైనది 2004 నాటి లెక్స్‌మార్క్ కేసు. ప్రింటర్ కంపెనీ తన టోనర్ క్యాట్రిడ్జ్ చిప్‌లో ఒక బుల్లి ప్రోగ్రాం పెట్టింది. వేరేవాళ్ళ క్యాట్రిడ్జ్ పెడితే ప్రింటర్ మొరాయిస్తుంది. స్టాటిక్ కంట్రోల్ అనే కంపెనీ దాన్ని కాపీ చేసి తన చిప్‌లు అమ్మింది. ఆరో సర్క్యూట్ కోర్టు తీర్పులో సరిగ్గా పద్యం మాటే వస్తుంది. పద్యానికి విడిగా కాపీరైట్ ఉండొచ్చు, అదే పద్యాన్ని తాళంలా వాడినప్పుడు ఆ రక్షణ రాదు అన్నది దాని సారాంశం. ట్రాక్‌ఐఆర్ వాక్యాలు చూశాక ఆ మాట చదివితే, ఎవరో ఈ కేసు కోసమే రాసిపెట్టినట్టుంటుంది.

ఈ తీర్పులేవీ ట్రాక్‌ఐఆర్ మీద ఇచ్చినవి కావు, అది గుర్తుంచుకోండి. ఓడిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆపిల్ కూడా తన మ్యాక్ ఓఎస్‌లో "దొంగిలించకండి" అనే తరహా వాక్యాలతో తాళం వేసింది. మామూలు కంప్యూటర్లలో మ్యాక్ ఓఎస్ వేసి అమ్మిన సైస్టార్ అనే కంపెనీ 2009లో కోర్టులో ఓడింది. కానీ తేడా చూడండి. సైస్టార్ ఆపరేటింగ్ సిస్టం మొత్తాన్ని కాపీ చేసి సరుకుగా అమ్మింది. ఫ్రీట్రాక్ వాళ్ళు తమ ట్రాకింగ్ ప్రోగ్రాం తామే రాసుకున్నారు, ఉచితంగా ఇచ్చారు. అప్పజెప్పిందల్లా గుమ్మం దగ్గర అడిగిన మాట.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. కొత్త ఆలోచన కనిపెట్టారా? పేటెంట్ తీసుకోండి. ఎలా చేశారో లోకానికి చెప్పాలి, ఇరవై ఏళ్ళకి గడువు తీరుతుంది, తర్వాత అది అందరిదీ. కాపీరైట్ అలా కాదు. అమెరికాలో కంపెనీ రచనకి ప్రచురించిన రోజు నుంచి 95 ఏళ్ళు. గుమ్మం దగ్గర అడిగే రెండు ప్రచారం ముక్కలకి 95 ఏళ్ళ కాపలా! కనిపెట్టినదానికి ఇరవై, కాపలా మాటకి తొంభై ఐదు.

సరే, ఉచిత పక్షంవాళ్ళంతా పత్తిగింజలని నేననను. కొన్ని పాత గేముల కోసం టీఐఆర్‌వ్యూస్ అనే మరో డీఎల్‌ఎల్ ఉంటుంది. అది నిజంగా నేచురల్‌పాయింట్ వాళ్ళు రాసిన ప్రోగ్రాం. ఫ్రీట్రాక్‌తో అది రాదు, కావాలంటే ట్రాక్‌ఐఆర్ సాఫ్ట్‌వేరులోంచి తెచ్చుకోవాలి. దాన్ని జిప్ చేసి లింకులు పంచుకోవడం తప్పే. అది వాళ్ళ కోడ్, వాళ్ళ కష్టం. మన పెద్దాయన "పైరసీ" అన్నది దీని గురించే అయితే నేను ఆయన పక్కనే నిలబడతా. కానీ ఓపెన్‌ట్రాక్‌లో ఉన్న ఎన్‌పీక్లయింట్ కొత్తగా రాసినది. పేరొకటే, లోపలి కోడ్ వేరు. అవతలి గేము ఆ పేరే అడుగుతుంది కాబట్టి ఆ పేరే పెట్టాలి. ఈ రెండిటికీ తేడా తెలియకుండా "అంతా దొంగ సరుకే" అనేవాళ్ళకి చట్టం మీద గౌరవం కంటే బ్రాండ్ మీద భక్తి ఎక్కువ.

తర్వాతి కాలం గేముల్లో డేటాకి ఎన్‌క్రిప్షన్ కూడా తగిలించారు, అంటే కీ లేనిదే అర్థం కాకుండా అంకెల్ని మార్చి పంపడం. గేముకో నంబరు, నంబరుకో కీ. ఓపెన్‌ట్రాక్‌లో గేముల జాబితా ఉన్న ఫైల్‌లో ఆ కీలు కనిపిస్తాయి. "చూశారా, తాళం పగలగొట్టారు" అంటారు. కొంచెం ఆలోచించండి. ఇక్కడ ఓపెన్‌ట్రాక్ కంపెనీ డేటాని విప్పడం లేదు. నా తల ఎటు తిరిగిందో తానే లెక్కగట్టి, గేముకి అర్థమయ్యేలా తానే తాళం వేసి పంపుతోంది. అందులో ఎవరి రచన ఉంది? నా మెడ నాది, నా వెబ్‌క్యామ్ నాది, డబ్బులిచ్చి కొన్న గేము నాది.

మన దేశం సంగతికొస్తే, 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్‌లో ఒక క్లాజు ఉంది. సొంతంగా రాసిన ప్రోగ్రాం వేరే ప్రోగ్రాంతో కలిసి పని చేయడానికి కావలసిన సమాచారాన్ని, అది వేరే విధంగా తేలిగ్గా దొరకనప్పుడు, ప్రోగ్రాంని చట్టబద్ధంగా పొందినవాడు రాబట్టుకోవచ్చని దాని భావం. 2012 సవరణలో డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని నేరం చేస్తూ 65ఏ వచ్చింది, కానీ అక్కడ కూడా హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలి. యూరప్‌లో 1991 సాఫ్ట్‌వేర్ డైరెక్టివ్ కూడా కలిసి పని చేయడం కోసం కోడ్ విప్పి చూడటాన్ని షరతులతో అనుమతించింది. నేను లాయర్ని కాను. కానీ సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న కుర్రాణ్ణి నేరస్థుడిలా చూసేముందు ఎవరైనా ఇది చదవాలి కదా!

నిజానికి నా కోపం నేచురల్‌పాయింట్ మీద సగమే. ఏ కంపెనీ అయినా తన గుమ్మం కాపాడుకుంటుంది. మిగతా సగం గేము స్టూడియోల మీద. ఆరు అంకెలు తీసుకోవడానికి ఒకే ఒక్క కంపెనీ గుమ్మం ఎందుకు పెట్టారు? బొహీమియా అనే స్టూడియో వాళ్ళు తమ ఆర్మా 2 గేములో ట్రాక్‌ఐఆర్‌తో పాటు ఫ్రీట్రాక్ ఇంటర్‌ఫేస్‌కి కూడా నేరుగా చోటిచ్చారు. ఆకాశమేమీ ఊడిపడలేదు. ఎక్స్-ప్లేన్ అనే విమానం సిమ్యులేటర్‌లో ప్లగిన్ రాసుకుంటే చాలు. ఫ్లైట్‌గేర్ అనే ఇంకో సిమ్యులేటర్‌కి నెట్‌వర్క్ ద్వారానే పంపొచ్చు. వీఆర్ హెడ్‌సెట్ల గోల భరించలేక పరిశ్రమంతా కూర్చుని ఓపెన్‌ఎక్స్‌ఆర్ అనే ఉమ్మడి ప్రమాణం తెచ్చుకుంది, 2019లో మొదటి వెర్షన్ వచ్చింది. మామూలు మానిటర్ ముందు తల తిప్పేవాళ్ళని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. చేతులు ఆడనివాడు తలతో గేము ఆడాలనుకుంటే వాడూ ఇదే గుమ్మం దగ్గర ఆగాలి.

"కంపెనీ పెట్టుబడి పెట్టి మార్కెట్ తయారుచేస్తే వీళ్ళు ఊరికే తింటున్నారు" అనే వాదన కొంతవరకు నాకూ అర్థమవుతుంది. కానీ మార్కెట్ తయారుచేసినవాడికి దక్కాల్సింది మంచి కెమెరా అమ్ముకునే అవకాశం. పోటీ రాకూడదనే హామీ దక్కక్కర్లేదు. ట్రాక్‌ఐఆర్ ఇప్పటికీ అమ్ముడుపోతోందంటే కారణం అది హాయిగా పని చేయడమే, ఆ రెండు వాక్యాలు కాదు.

ఇక ఆ కుర్రాడికి: తమ్ముడూ, ఓపెన్‌ట్రాక్ దాని సొంత పేజీ నుంచే దించుకో, ఎవరో పంపిన జిప్ ఫైళ్ళు ముట్టుకోకు. ముందు అందులో ముఖాన్ని పట్టే న్యూరల్‌నెట్ ట్రాకర్ ఎంచుకుని, నీ దగ్గరున్న వెబ్‌క్యామ్ మీదే ప్రయత్నించు. వెనక కిటికీ వెలుగు ఉంటే కర్టెన్ వేసుకో, లేకపోతే చూపు ఊగుతుంది. అవుట్‌పుట్ దగ్గర ఫ్రీట్రాక్ 2.0 ఎన్‌హాన్స్‌డ్ అని ఉన్నది ఎంచుకో. గేము వింటే సరే, వినకపోతే ఇక్కడే కామెంట్‌లో గేము పేరు పెట్టు, చూద్దాం.